రూట్ బ్రిడ్జ్ ఎవరో స్పష్టంగా చూపే 24 పోర్టుల స్విచ్

ఈ 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్‌ను ఆఫీసులో వాడడం మొదలుపెట్టి ఆరు నెలలయింది. వేగం విషయంలో లోటేమీ లేదు. నేను దీన్ని ఎంచుకున్నది స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య డేటా వలయంలో అంతులేకుండా తిరగకుండా అదనపు దారులను మూసి ఉంచే పద్ధతి) కోసం కనుక, దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు సెట్టింగులేవీ మార్చకుండా పాత స్విచ్‌లతో కలిపి చూస్తే, రూట్ బ్రిడ్జ్‌గా, అంటే మిగతావన్నీ తమ దారులు లెక్కించుకోవడానికి ఆధారమయ్యే స్విచ్‌గా, ఎన్నికైనది మెట్ల కింద బీరువాలో ఉన్న ఎనిమిదేళ్లనాటి చిన్న స్విచ్. ఇందులో కొత్తదాని తప్పేమీ లేదు. ప్రతి స్విచ్చూ ఆన్ కాగానే తానే రూట్‌నని ప్రకటించుకుంటుంది. రెండు సెకన్లకోసారి వచ్చే బీపీడీయూలో (స్విచ్‌లు పంపుకునే స్పానింగ్ ట్రీ సందేశంలో) తనకన్నా చిన్న బ్రిడ్జ్ ఐడీ (ప్రయారిటీ, మ్యాక్ అడ్రస్ కలిసిన గుర్తింపు సంఖ్య) కనిపిస్తే, ఆ వాదన మానుకొని దాన్నే రూట్‌గా ఒప్పుకుంటుంది. ముందుగా పోల్చేది ప్రయారిటీని, అంటే మనం మార్చగలిగే ప్రాధాన్య సంఖ్యను. అది అన్నింటిలోనూ డిఫాల్ట్‌గా 32768 ఉన్నప్పుడు మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చే చిరునామా) చిన్నదైన స్విచ్ గెలుస్తుంది. దాని సామర్థ్యం ఎంతో ఎవరూ అడగరు.

ఇక్కడే ఈ స్విచ్ నాకు నచ్చింది. రూట్ ఐడీ, తన ఐడీ, రూట్ పోర్టు (రూట్ వైపు వెళ్లే పోర్టు), పాత్ కాస్ట్ (రూట్ వరకు దారి ఖర్చు లెక్క) నాలుగూ ఒకే పేజీలో పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటో వీలాన్‌లో (ఒకే స్విచ్‌పై విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) ప్రయారిటీ 32769 అని ఉంటే కంగారు పడనక్కర్లేదు, అది 32768కి వీలాన్ సంఖ్య కలిపిన మొత్తం. ప్రయారిటీని 4096కి తగ్గించగానే ఇది రూట్ అయింది. మార్పు ఏ క్షణంలో జరిగిందో లాగ్‌లో నమోదైంది. ఇది ఆగితే రూట్ స్థానం తీసుకునేలా రెండో స్విచ్‌కు 8192 ఇచ్చి, దీని కరెంటు తీసి చూశాను. స్పానింగ్ ట్రీ పాత ప్రమాణమైన 802.1డి పద్ధతిలో ముప్పై నుంచి యాభై సెకన్లు ఆగాల్సి వచ్చేది. దాని వేగవంతమైన రూపమైన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ వల్ల పింగ్‌లో (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్షలో) రెండు ప్యాకెట్లు మాత్రమే పోయాయి.

లోపాలు రెండు. ప్రయారిటీ గడిలో 5000 అని కొడితే ‘చెల్లని విలువ’ అంటుంది తప్ప, 4096 గుణిజాలే ఇవ్వాలని చెప్పదు. రెండోది పెద్దది: రూట్ గార్డ్‌ను కమాండ్ లైన్‌లో తప్ప వెబ్ పేజీలో పెట్టలేదు. ఎవరైనా ఇంకా తక్కువ ప్రయారిటీ ఉన్న స్విచ్‌ను గోడ సాకెట్‌కు తగిలిస్తే రూట్ స్థానం దానికి పోతుంది, దాన్ని ఆపేది ఈ సెట్టింగే. వెబ్ పేజీ మీదే ఆధారపడేవారు కొనేముందు ఈ సంగతి చూసుకోవాలి. నేను ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.