ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ: ఎలక్ట్రిక్ కారుకు ఏ బ్యాటరీ మేలు?

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ముందుగా అడిగేది రేంజ్ ఎంత, అంటే ఒక చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అని. లోపలున్న బ్యాటరీ ఏ రకమని అడిగేవాళ్లు తక్కువ. పదేళ్ల ఖర్చు చూసుకుంటే అదే ముందు అడగాలి. కార్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. లిథియంతో ఇనుము, ఫాస్ఫేట్ కలిస్తే ఎల్‌ఎఫ్‌పీ. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిస్తే ఎన్‌ఎంసీ.

రేంజ్‌లో ఎన్‌ఎంసీదే పైచేయి. అంతే బరువులో ఎక్కువ కరెంటు నిలవ ఉంచుకుంటుంది. గడ్డకట్టే చలిలోనూ అదే నయం. ధరలో మాత్రం ఎల్‌ఎఫ్‌పీ చౌక.

మన్నిక దగ్గరే చాలామంది పొరబడతారు. ఎల్‌ఎఫ్‌పీ 3000 సార్లకు పైగా ఫుల్ చార్జ్ చేసినా నిలుస్తుందని, ఎన్‌ఎంసీ 1000 నుంచి 2000 సార్ల దాకా వస్తుందని అంటారు. ఈ అంకెలు చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే కారుకు, ఒక చార్జికి 350 కిలోమీటర్లు వస్తాయనుకుంటే, పదేళ్లలో ఫుల్ చార్జ్ చేయాల్సింది దాదాపు 430 సార్లే. రెండూ తట్టుకుంటాయి. ఆ తేడా అక్కరకొచ్చేది పగలూ రాత్రీ తిరిగే ట్యాక్సీలకు. సొంత కారు బ్యాటరీని ఎక్కువగా దెబ్బతీసేవి గడిచే కాలం, వేడి, ఎప్పుడూ నిండుగా ఉంచే అలవాటు. అందుకే ఎన్‌ఎంసీని రోజూ 80 శాతం దగ్గర ఆపమంటారు. అంటే డబ్బు పోసి కొన్న రేంజ్‌లో ఐదో వంతు మామూలు రోజుల్లో వాడుకోలేం. ఎల్‌ఎఫ్‌పీని వారానికోసారైనా 100 శాతం నింపమని చాలా కంపెనీలే చెబుతున్నాయి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేవి గనులు. 60 కిలోవాట్ అవర్ల, అంటే 60 యూనిట్ల కరెంటు పట్టే ఎన్‌ఎంసీ ప్యాక్‌లో, నికెల్ ఎక్కువుండే 811 రకమైతే, సుమారు 40 కిలోల నికెల్, 5 కిలోల కోబాల్ట్ ఉంటాయి. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండు వంతులకు పైగా డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో నుంచే వస్తుంది. అక్కడ చేత్తో తవ్వే గనుల్లో పిల్లలు కూడా పనిచేశారు. నికెల్‌లో సగానికి పైగా ఇండోనేషియాది. అక్కడ గనుల కోసం అడవులు కొట్టేశారు, ఖనిజాన్ని కరిగించడానికి బొగ్గు కాలుస్తున్నారు. ఎల్‌ఎఫ్‌పీకి ఈ రెండు లోహాలూ అక్కర్లేదు. లిథియం మాత్రం తప్పదు. చిలీలోని అటకామా ఎడారిలో, అసలే నీటికి కరువున్న చోట, భూగర్భంలోని ఉప్పునీటిని తోడి ఎండబెట్టి దాన్ని తీస్తున్నారు.

కాబట్టి నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే. అయితే దీనికీ ఒక పెద్ద లోటుంది. పాత ఎన్‌ఎంసీలో నికెల్, కోబాల్ట్ ఉన్నాయి గనుక రీసైక్లింగ్ చేసేవాళ్లు డబ్బిచ్చి కొంటారు. ఎల్‌ఎఫ్‌పీలో ఇనుముకు విలువ లేదు, ప్రధానంగా గిట్టుబాటయ్యేది లిథియమే. దాని ధర పడిపోతే ఎవరూ ముట్టుకోరు. ఇక్కడ చట్టమే దారి చూపాలి. పాత బ్యాటరీల్లోని లిథియంలో 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80 శాతం తిరిగి తీయాలని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. అలాంటి నిబంధన లేనిచోట కారు కొనేముందు, పాత బ్యాటరీని మీరే వెనక్కి తీసుకుంటారా అని కంపెనీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.