సీమ ఎండలో పెద్ద కమ్మలు: జర్మన్ సిల్వరా, మట్టివా, తోలువా?

భుజానికి తగిలేంత పొడవు కమ్మలు, మెడలో అరచేయంత పతకం, చేప ఆకారంలో ఉంగరం, గవ్వలు కుట్టిన సంచి. ఇలాంటివంటే నాకు ప్రాణం. అనంతపురంలో ఇలా తయారై బజారుకి పోతే ఎవరో ఒకరు ఆపి "యాడ కొన్నావమ్మీ ఇవి?" అని అడగకుండా ఉండరు. ఆ వెనకే రెండో ప్రశ్న వస్తుంది: "ఇన్ని రకాలుండాయి కదా, ఏది మేలు?"

దానికి జవాబు చెప్పాలంటే ముందు మన ఎండ సంగతి మాట్లాడుకోవాలి. ఫ్యాషన్ సలహాలు చాలావరకు ఏసీ గదుల్లో తిరిగేవాళ్ల కోసం రాసినట్టుంటాయి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాది మొత్తానికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. ఉగాది దాటిందంటే ఎండ 40 డిగ్రీల దగ్గర ఆడుతుంది. ఆషాఢం వస్తే రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ గాలే మన చున్నీలనూ కొంగులనూ ఎగరేస్తుంది. చెవికి వేలాడేది ఏదైనా ఈ చెమటకీ ఈ గాలికీ ఆగాలి. నేను చూసేది ముందు బరువు, తర్వాత వేడి, ఆ తర్వాతే అందం.

బంగారాన్ని ఈ పోటీలోకి తేవడం లేదు. కడప జిల్లాలో పొద్దుటూరు ఉండగా బంగారానికి నా సిఫారసు అక్కర్లేదు. అయినా బంగారంలో ఎవరూ రావణుడి తలను కమ్మలుగా చేయించుకోరు. పదిమంది మధ్య సరదాగా కనబడాలంటే పోయినా గుండె ఆగని వస్తువే కావాలి.

జర్మన్ సిల్వర్

ఇప్పుడు ప్రతి ఫ్యాన్సీ స్టోర్లో ఎక్కువగా కనబడేది ఇదే. పేరులో సిల్వర్ ఉన్నా ఇందులో వెండి ఉండదు. రాగి, జింక్, నికెల్ కలిపిన లోహం. నల్లగా మసిబారినట్టు చేసిన రకాన్ని ఆక్సిడైజ్డ్ అంటారు. చూపుకు దీన్ని మించింది లేదు. నల్ల కాటన్ చీర మీదకీ, ముదురు ఎరుపు కుర్తా మీదకీ ఒక పెద్ద బుట్టకమ్మల జత పెట్టుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. కింద పడినా పగలదు, వానకి తడిసినా తుడుచుకుంటే సరి.

చిక్కల్లా మన ఎండతోనే. చెమట పట్టిన చెవికి నికెల్ తగిలితే చాలామందికి దురద మొదలవుతుంది, కొందరికి పుండు కూడా పడుతుంది. రాగి వల్ల మెడ మీద పచ్చటి మరక మిగులుతుంది. బరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. సాయంత్రానికి చెవి తమ్మె లాగుతూ ఉంటుంది. ఇష్టపడి కొనుక్కున్నవి పక్కన పడేయక్కర్లేదు, రెండు పనులు చేయండి. కొక్కెం ఒక్కటి తీయించి 92.5 వెండి కొక్కెం వేయించుకోండి. కంసాలి దగ్గర చిన్న పని అది. రెండోది, కమ్మకి మాటీలు తగిలించండి. చెవి మీదుగా జుట్టులోకి పోయే ఆ గొలుసు మన అవ్వల కాలం నుంచీ ఉన్నదే. బుట్టకమ్మ బరువులో సగం జుట్టు మోస్తుంది. కొత్త ఫ్యాషన్ అని అమ్ముతున్న ఇయర్ చైన్ కూడా చేసేది అదే పని.

మట్టి కమ్మలు

టెర్రకోట నగలు అంటే బంకమట్టిని చేత్తో మలిచి, కాల్చి, రంగు వేసినవి. ఒంటికి మట్టే తగులుతుంది కాబట్టి దురద బాధ తక్కువ, కొక్కెం మాత్రం చూసుకుంటే చాలు. చీరలోని రంగు చూపించి అదే రంగు వేయించుకోవచ్చు. ఈ వీలు జర్మన్ సిల్వర్‌లో లేదు. కాకపోతే సైజు పెరిగేకొద్దీ బరువు గట్టిగా పెరుగుతుంది. గచ్చు మీద పడితే ముక్కలే. బస్సులో బ్యాగులో వేసుకుని ఊరికి పోయేవాళ్లకు నేను చెప్పను. చిన్న దిద్దులకీ, గుండ్రటి పూసల దండకీ మట్టి బాగుంటుంది. భుజాలకి తగిలే కమ్మలకి కాదు.

నిమ్మలకుంట తోలు

ఇక నా మనసు ఉన్న చోటికి వస్తాను. ధర్మవరం మండలంలో నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు అది పక్క ఊరే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా రామాయణ భారతాలు ఆడించిన తోలుబొమ్మల వాళ్లు, ఆట చూసేవాళ్లు తగ్గాక అదే తోలుతో దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు, చెవి కమ్మలు చేస్తున్నారు.

ఒక కమ్మను దగ్గరగా చూడండి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగించి ఎండబెడితే వెలుగు దూరేంత పలచగా అవుతుంది. దాని మీద నెమలో, చిలుకో, హనుమంతుడి ముఖమో గీస్తారు. సన్నటి ఉలి మీద సుత్తితో కొట్టి వరసలు వరసలుగా చిల్లులు వేస్తారు. రంగు రెండు వైపులా పూస్తారు. అరచేతిలో పెట్టుకుంటే మామూలు రంగు బిళ్ల. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు, ఎరుపులోంచి ఇంకో ఎరుపు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడేటప్పుడు చెవి దగ్గర ఆ రంగు వెలుగుతుంది. లోహానికీ మట్టికీ ఈ గుణం రాదు.

బరువా, కాగితమంత. అరచేయంత కమ్మ పెట్టుకున్నా చెవికి తెలియదు. ఎండకి కాలదు. గాలికి గిర్రున తిరిగినా రెండు వైపులా రంగు ఉంది కాబట్టి వెనక వైపు తెల్లగా బయటపడదు. తోలుకి శత్రువు తేమ. పొడిగాలి వీచే మన జిల్లాలో ఆ బెడద కోస్తాలో ఉన్నంత ఉండదు. వానలో తడిస్తే మాత్రం అంచులు ముడుచుకుంటాయి. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకున్నాకే కమ్మలు పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక పొడి గుడ్డతో తుడిచి, పుస్తకం పేజీల మధ్య పడుకోబెడితే చదునుగా ఉంటాయి. ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేసిన నకిలీలు కూడా ఉంటాయి, కొనే ముందు వెలుగుకి ఎత్తి చూడండి. నిజం తోలులో లేత, ముదురు మచ్చలు కలిసి ఉంటాయి, చిల్లులు అన్నీ ఒకే కొలతలో ఉండవు.

ఒక అభ్యంతరం నిజమైనదే. పూజలో, గుడిలో తోలు వస్తువు వద్దనే పెద్దలు చాలా ఇళ్లలో ఉన్నారు. రాముడి బొమ్మనే ఆ తోలు మీద గీశారు కదా అని నాకు అనిపిస్తుంది గానీ, వరలక్ష్మీ వ్రతం రోజు అత్తగారితో వాదన పెట్టుకోవడం ఎందుకు? ఆ రోజుకి మట్టి దిద్దులు పెట్టుకుని, పేరంటం అయ్యాక తోలు కమ్మలకి మారండి.

ఒక్కటి చాలా, ఒంటినిండానా?

పెద్ద కమ్మలు పెట్టుకుంటే మెడ బోడిగా ఉంచాలి, ఒకటే కొట్టొచ్చినట్టు కనబడాలి అని ఇప్పుడు అందరూ చెప్పే సలహా. నేను ఒప్పుకోను. లేపాక్షి వీరభద్రాలయంలో తల ఎత్తి పైకప్పు చూడండి. 16వ శతాబ్దంలో విజయనగర కాలపు చిత్రకారులు వేసిన బొమ్మల్లో ఆడవాళ్లకి పెద్ద పెద్ద చెవి నగలు, పక్కకి వేసిన కొప్పులు, మెడనిండా హారాలు, వాటి కింద రకరకాల అంచుల చీరలు. మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు. ఏదీ ఇంకోదాన్ని తగ్గించలేదు. అన్నీ కలిసే ఆ కళ వచ్చింది. అందుకే చెప్తున్నా, ఒంటినిండా వేసుకోవడం తప్పు కాదు, ఒంటినిండా బరువు వేసుకోవడమే తప్పు. కమ్మలు తోలువైతే మెడలో పతకం సిల్వర్‌ది వేసుకునే ఓపిక మిగులుతుంది. ధర్మవరం పట్టుచీర అంచుకి తోలుబొమ్మల ఎరుపు, ఆకుపచ్చ భలే కుదురుతాయి. పట్టుమీద తోలేమిటి అనేవాళ్లు ఒక్కసారి పక్కన పెట్టి చూడాలి.

సంచి, నడుం బెల్టు వేరే లెక్క. అక్కడ బరువు చెవి మీద పడదు కాబట్టి సుగాలీల (లంబాడీల) అద్దాల పనికే నా ఓటు. గుత్తి దగ్గర, సుగాలీలు కొలిచే సేవాలాల్ మహారాజ్ పుట్టిన సేవాగడ్ మన జిల్లాలోనే ఉంది, తండాలూ చుట్టూ ఉన్నాయి. మిషన్ మీద కుట్టిన వాటికీ చేత్తో కుట్టిన వాటికీ తేడా తెలియాలంటే సంచిని తిరగేయండి. చేతిపనిలో వెనక వైపు దారం ముడులు కనబడతాయి. అద్దం చుట్టూ కుట్టు పట్టుకుని ఉంటుంది. నకిలీలో అద్దం జిగురుతో అతికించి ఉంటుంది, నాలుగు రోజులకి రాలిపోతుంది.

మగవాళ్లకి ఇవన్నీ ఎందుకు అనేవాళ్లకి ఆదోని దగ్గరి సంతేకుడ్లూరు గుర్తు చేస్తాను. హోలీకి అక్కడ మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి రతీమన్మథుల గుడికి పోతారు. ఏడాదికొక పండుగకి నిండుగా అలంకరించుకోవడం మన కర్నూలు పల్లెల్లో భక్తిలో భాగం. కాలేజీ పిల్లోడు ఒక చెవికి చిన్న తోలు చిలుకను పెట్టుకుంటే ఆశ్చర్యపోవడానికి ఏముంది?

ఏ కాలానికి ఏది

ఉగాది నుంచి ఎండలు తగ్గేదాకా తోలు, కాటన్, జడలో మల్లెపూలు. మెడలో లోహం పెట్టకండి. ఆషాఢం గాలిలో పొడవాటి వేలాడే కమ్మలు చున్నీలో చిక్కుకుంటాయి, అందుకని చెవికి అతుక్కుని ఉండే పెద్ద బిళ్లలు మేలు. శ్రావణ శుక్రవారాలు మట్టివి. మనకి గట్టి వానలు పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి అప్పుడు తోలును పెట్టెలో పెట్టి సిల్వర్ తీయండి. దసరా సాయంత్రాలకి చెమట తగ్గి ఉంటుంది, బరువు కూడా ఓర్చుకోవచ్చు. పొద్దుటూరు దసరా చూడటానికి పోయేవాళ్లు జనంలో నలగాల్సి వస్తుంది, పగిలే మట్టివి ఇంట్లోనే ఉంచండి. జడకుప్పెలు, జడగంటలు ఉంటే ఆ రాత్రికే తీయాలి. నడుస్తుంటే వెనకనుంచి వచ్చే ఆ చప్పుడుకి సాటి వచ్చే యాక్సెసరీ ఏ షాపులోనూ దొరకదు.

సంక్రాంతి చలికి మా వైపు తెల్లవారుజామున స్వెటర్ తప్పదు. మెడ కప్పేసిన స్వెటర్ మీద సన్న గొలుసులు కనబడవు. నల్ల స్వెటర్, దాని మీద పొడవాటి దారానికి గుచ్చిన పెద్ద ఆక్సిడైజ్డ్ పతకం వేయండి. ఉన్ని మీద ఉంటుంది కాబట్టి నికెల్ ఒంటికి తగలదు. చెవికి తోలు నెమలి. ముగ్గు వేయడానికి వంగినప్పుడు పతకం ముగ్గుపిండిలో ఊగకుండా దాన్ని వెనక్కి, వీపు మీదకి వేసుకోండి. కొక్కేలు అల్లికలో పడి దారం లాగుతాయి కాబట్టి స్వెటర్ తలమీదుగా తీసే ముందు కమ్మలు తీసి పక్కన పెట్టండి.