కొచ్చిలో తాళ్ళ మీద చొక్కాలు

2019 జనవరిలో నేనూ మా తమ్ముడూ సికింద్రాబాదులో శబరి ఎక్కి ఎర్నాకుళంలో దిగాం. రెండేళ్ళకోసారి కొచ్చిలో జరిగే కళాప్రదర్శన బియెనాలె చూడాలని నా పట్టు, చేపల కూర తినాలని వాడి పట్టు. ఫోర్ట్ కొచ్చికి ఆటో మాట్లాడుకోకుండా జెట్టీకి వెళ్ళి పడవ ఎక్కడం మంచిదైంది. అప్పట్లో మనిషికి నాలుగు రూపాయలు, ఇరవై నిమిషాలు.

దెబ్బతిన్నది బస దగ్గరే. ఫొటోలో సముద్రం కనిపించిన గదికి రోజుకు 1,800 కట్టాం. తీరా కిటికీ తీస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు! పొద్దున్నే ఇంటావిడ పెట్టిన పుట్టు, కడల కూర తిన్నాక కోపం సగం దిగింది. దోమతెర మాత్రం అడిగి తీసుకోండి.

బియెనాలె ముఖ్య వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్ 1867 నాటి ఇంగ్లీషు వర్తక సంస్థది. మిరియాలు, అల్లం, కొబ్బరినూనె ఓడలెక్కిన చోటు. ఆవరణలో తాళ్ళ మీద బురదనీళ్ళలో ముంచిన చొక్కాలు వేలాడుతున్నాయి. ఎవరో ఉతికి ఆరేశారనుకుని తమ్ముడు దాటిపోయాడు. దగ్గరికెళ్తే ఒక్కోదాని మీద సిరాతో పేరు, వయసు, పుట్టిన చోటు, ధర. డచ్చి ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌కు తీసుకుపోయి అమ్మిన మనుషులట. దక్షిణాఫ్రికా కళాకారిణి స్యూ విలియమ్సన్ అక్కడి పాత అమ్మకపు పత్రాలు వెతికి 119 మందికి చొక్కాలు పెట్టారు.

అక్కడే గంట గడిచింది. కేప్ రికార్డుల్లో బానిస పేరు పక్కన మలబార్, బెంగాల్, కోరమాండల్ అని రాసేవారు, అంతే. పేరు కూడా యజమాని పెట్టిందే కావచ్చు. కోరమాండల్ అంటే మన తూర్పు తీరంలో ఎక్కడని? పులికాటా, బందరా? బందరులో డచ్చివాళ్ళు 1605లోనే దుకాణం తెరిచారు. బందరుకోటలో వాళ్ళ సమాధులు చిన్నప్పుడు చూశాను. సమాధుల మీద పేర్లు చక్కగా చెక్కి ఉన్నాయి.

మట్టాంచేరి ఆనంద్ వేర్‌హౌస్‌లో దక్షిణాఫ్రికా కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ వీడియో: ఎనిమిది తెరల మీద పావుగంట ఊరేగింపు. బ్యాండు మోగుతుంటే సెలైన్ స్టాండ్లు ఈడ్చుకుంటూ రోగులు నడుస్తారు, అస్థిపంజరాలు ఆడతాయి. పెళ్ళో చావో తేల్చుకోలేం. రెండుసార్లు చూశాం. 2018 కేరళ వరదలో తడిసిన పుస్తకాలనూ ఇంటి సామాన్లనూ బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా పైకప్పుకు వేలాడదీసిన గది కూడా వదల్లేదు. మిగతా గదుల్లో చాలావాటిలో గోడమీది రాతే ఎక్కువ, వస్తువు తక్కువ.

బియెనాలె టికెట్టు అప్పుడు వంద. వాలంటీరు పిల్లలు అడిగితే ఓపిగ్గా చెప్పారు. ఇంకో వేదిక కాబ్రల్ యార్డులో దేశవాళీ బియ్యాల భోజనం బాగుంది, మన ఆకలికి చాల్లేదు. "సగం రేటుకే తిప్పుతా" అనే ఆటో ఎక్కారో, మసాలా దుకాణాల చుట్టూ తిరగడమే.

చివరిరోజు ధోబీఖానాకు వెళ్ళాం. డచ్చి సైనికుల బట్టలు ఉతకడానికి తెచ్చిన తమిళ వణ్ణార్ల వారసులు ఇంకా అక్కడే ఉతుకుతున్నారు. వరసగా తెల్లచొక్కాలు. ఈసారి తమ్ముడు దాటిపోలేదు, వంగి ఒక కాలరు తిప్పి చూశాడు. చాకలి గుర్తు ఉంది.