ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్ చవగ్గా వస్తోందని కొంటున్నారా? ముందు ఇది చదవండి

గత నెల ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర మూడు ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్లు తెప్పించుకున్నాను. "బ్లూమింగ్ సైజ్ మేడమ్, ఈ సీజన్‌లోనే పూలు గ్యారంటీ" అన్నాడు. మూడూ కలిపి 750, కొరియర్ 150. నర్సరీలో ఒక్క మొక్కకే దాదాపు అంత అడుగుతారు. అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఆశ మరి.

పెట్టె విప్పితే న్యూస్‌పేపర్లో చుట్టిన మొక్కలు. కుండీ లేకుండా ఆర్కిడ్లు పంపడం మామూలే, దానికేం అనుకోలేదు. కానీ వేళ్ళు బెత్తెడు కూడా లేవు, కత్తి పెట్టి కోసినట్టు సమంగా ఉన్నాయి. ఒక వేరుకైతే చెట్టు బెరడు ముక్క ఇంకా అంటుకునే ఉంది. దాని మీద ఎండిన నాచు. నేను చూస్తుండగానే బెరడు సందులోంచి ఎర్రచీమలు రెండు బయటికొచ్చాయి. ఇవి ఎవరూ పెంచినవి కావని అప్పుడర్థమైంది. అడవిలో చెట్టు మీంచి పీకి పంపాడు.

దీని అసలు పేరు రింకోస్టైలిస్. చాలా చిన్న ప్రజాతి, జాతులన్నీ ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది రెట్యూసా. అస్సాంలో కొపౌ ఫుల్ అంటారు, వాళ్ళ రాష్ట్ర పుష్పం. ఏప్రిల్‌లో బిహూ ఆడేటప్పుడు ఆడపిల్లలు కొప్పులో తురుముకునేది ఇదే. మన విశాఖ ఏజెన్సీ కొండల్లోనూ ఉంది. మా అమ్మమ్మ చెట్ల మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనేసేది గానీ, ఇది చెట్టుని పీల్చుకుని బతికే రకం కాదు. వేళ్ళతో బెరడుని కరుచుకుని ఉంటుంది, అంతే. వానకి తడుస్తుంది, గాలికి ఆరుతుంది, బెరడు మీంచి జారే నీళ్ళలో ఏముంటే అదే తిండి. డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్ లాగా నీళ్ళు దాచుకునే లావుపాటి కాడలు దీనికి లేవు. ఆధారమంతా ఎక్కువగా ఆ లావు వేళ్ళ మీదే. అవి కోసేశాక మొక్క దగ్గర ఏం మిగులుతుంది? జాగ్రత్తగా కుండీ మార్చినా ఒక్కోసారి అలిగి పూయడం మానేసే మొక్క ఇది!

బతికున్న వేరు మీద తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది, నీళ్ళు తగిలితే చూస్తుండగానే పచ్చబడుతుంది. నేను పావుగంట నానబెట్టాను. ఒక్కటీ రంగు మారలేదు. వేలితో పట్టి లాగితే పొర ఊడొచ్చి లోపల దారంలాంటి నరం మిగిలింది. ఫంగిసైడ్ కొట్టాను, బొగ్గులో పెట్టాను, నీడలో వేలాడదీశాను. రెండు వారాలకి రెండు మొక్కల మొవ్వు నల్లబడి మెత్తబడింది. మూడోది రెండాకులతో ఉంది, ఎన్నాళ్ళుంటుందో.

అమ్మినతను ముందు "కాస్త ఎండ తగలనివ్వండి" అన్నాడు. తర్వాత అన్‌బాక్సింగ్ వీడియో అడిగాడు. నేను వీడియో పంపిన రోజే నన్ను బ్లాక్ చేశాడు. రిజర్వ్ ఫారెస్ట్‌లోంచి అనుమతి లేకుండా మొక్క పీకడం నేరం. మనం 250కి ఎగబడి కొంటున్నంత కాలం వాళ్ళు పీకుతూనే ఉంటారు. ఆ ఎగబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను.

కొనేముందు వేళ్ళ ఫొటో అడగండి, పువ్వుది కాదు. నర్సరీలో పెరిగిన మొక్కకి వేళ్ళు నెట్ పాట్‌నో (కంతలున్న కుండీ) చెక్క బుట్టనో చుట్టుకుని ఉంటాయి, ఒక బ్యాచ్ మొక్కలు ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. నాకొచ్చిన మూడూ మూడు సైజులు, ఆకుల నిండా పురుగులు కొరికిన పాత గాట్లు. పువ్వు ఫొటోని అసలు నమ్మొద్దు. రెట్యూసా గుత్తి నక్క తోకలా కిందికి వేలాడుతుంది, తెలుపు మీద గులాబీ చుక్కలు. ముదురెరుపు గుత్తి చూపిస్తే అది ఇదే ప్రజాతిలో ఇంకో జాతి, థాయిలాండ్ నర్సరీల జైగాంటియా, నీలం అంచులతో నిటారుగా ఉంటే సెలెస్టిస్ అనే మరో జాతి. అవి నిజంగానే ఉన్నాయి, కాకపోతే ఈ రేటుకి రావు. పూలు లేనప్పుడు ఏరిడిస్ అనే వేరే ఆర్కిడ్ మొక్కని చేతిలో పెట్టి ఇదే అన్నా మనలాంటివాళ్ళం పోల్చుకోలేం.

ఇక "ఆర్కిడ్ విత్తనాలు, ప్యాకెట్ 99" అని కనిపిస్తే ఆగకుండా ముందుకెళ్ళిపోండి. ఆర్కిడ్ విత్తనం పొడిలా ఉంటుంది, దానిలో దాచుకున్న తిండి ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం సాయంతో మొలుస్తుంది, లేదంటే ల్యాబ్‌లో సీసాల్లో మొలిపించాలి. అక్కణ్నుంచి పువ్వు పూసే సైజుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, నర్సరీ మొక్క రేటు అందుకే అంత. కుండీలో చల్లితే మొలిచేది గడ్డే.

నాకు అమ్మినతను పెట్టిన ఫొటోనే నిన్న వేరే పేరుతో ఉన్న పేజీలో మళ్ళీ చూశాను. ఈసారి ఈ మొక్కకే ఉన్న ఇంకో పేరుతో "ద్రౌపది మాల, స్టాక్ లిమిటెడ్" అని పెట్టి రేటు 50 పెంచాడు. ఫొటోలో ఎడమవైపు మూలన పిడి విరిగిన ఎర్ర బకెట్ కనిపిస్తుంది, దాన్నిబట్టి గుర్తుపట్టండి.