మన్ కన్నా మిన్మసే నయం

రాకెట్లు కట్టి అంతరిక్షంలోకి పంపే కంప్యూటర్ ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఊసు ఎత్తితే చాలు, అందరూ మన్ అనే చందమామ దగ్గర మొదలుపెట్టి ఎక్కడో దూరాన ఉన్న లేథ్ అనే చందమామ దగ్గర ఆపుతారు. మధ్యలో మిన్మస్‌ని "కొత్తవాళ్ళ ప్రాక్టీసుకి పనికొస్తుంది" అని ఒక ముక్క అనేసి వదిలేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి ఆడి, ఈ ఆటలో ఉన్న చందమామలన్నిటి చుట్టూ ఏదో ఒక నౌకని తిప్పాక కూడా, రాత్రి దుకాణం కట్టేశాక ఒక గంట మిగిలితే నేను పోయేది ఆ లేత పచ్చ బుల్లి చందమామ మీదకే. రాకెట్ ఎలా కట్టాలి, కక్ష్య అంటే ఏంటి లాంటివి ఆడేవాళ్ళకి తెలిసినవే, వాటి జోలికి పోను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా ఇష్టాలు అర్థం కావు. గుణుపూర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల దుకాణం నాది. పగలంతా ఒడియా, తెలుగు, వచ్చీరాని సవర కలిపి మాట్లాడుతూ ఫారాలు నింపే ల్యాప్‌టాపే రాత్రి నా రాకెట్ కేంద్రం. గ్రాఫిక్స్ కార్డు లేదు. బ్యాటరీ ముసలిదైపోయింది. నెట్ సంగతి గాలివానలు పట్టే నెలల్లో మాట్లాడుకోకపోవడమే మంచిది. ఈ ఆటని ఒకసారి దించుకుంటే మళ్ళీ నెట్ అడగదు. మా వైపు అది చిన్న సుఖం కాదు.

మిన్మస్‌లో నన్ను పట్టేసింది ముందు లెక్కే. ఆటలో మన భూమి లాంటి గ్రహం కెర్బిన్. దానికి మన్ 12,000 కిలోమీటర్ల దూరం, మిన్మస్ 47,000. నాలుగింతలు దూరం కాబట్టి నాలుగింతలు ఇంధనం అనుకుంటాం కదా? కాదు. కెర్బిన్ చుట్టూ తక్కువ ఎత్తు కక్ష్యలోంచి బయల్దేరి మన్ మీద కాలు పెట్టడానికి సుమారు 1,750 మీటర్లు/సెకను డెల్టా వీ కావాలి, అంటే నౌక తన వేగాన్ని మొత్తంగా అంత మార్చుకోగలగాలి. మిన్మస్‌కి 1,270 ఉంటే చాలు. దూరం పోవడానికి మొదట్లో ఇచ్చే తోపు కొద్దిగానే ఎక్కువ, అసలు ఖర్చంతా అక్కడికి చేరాక ఆగి దిగడంలో ఉంటుంది. మిన్మస్ గురుత్వం కెర్బిన్‌లో 20వ వంతు కాబట్టి ఆ దిగడం దాదాపు ఉచితం. తిరుగు ప్రయాణానికీ అంతే. నేను చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు, లెక్క వేసి చూపించాలి.

రెండోది ఆ మైదానాలు. అలికిన కళ్లంలా ఉంటాయి, గుంట లేదు, మిట్ట లేదు. అక్కడి ఎత్తు సరిగ్గా సున్నా. దీని విలువ మన్ మీద చీకట్లో దిగినవాళ్ళకే తెలుస్తుంది. మన్ మీద స్క్రీన్ పైన ఎత్తు చూపే మీటరు 3,000 అని చూపిస్తూ ఉంటుంది, కాళ్ళ కింద కొండ ఎప్పుడొస్తుందో తెలియక గుండె గొంతులోకి వస్తుంది. మిన్మస్ మైదానం మీద మీటరు 40 అంటే నేల కూడా 40 మీటర్ల కిందే ఉన్నట్టు. పది మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆపేసినా నేలని తాకడానికి ఆరు సెకన్లకి పైనే పడుతుంది. కెర్బిన్ మీద అదే ఎత్తు నుంచి సెకనున్నరలోపే. ఆ ఆరు సెకన్లలో నేను టీ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ కీబోర్డు మీద చెయ్యి వేసిన రోజులున్నాయి.

ఇదంతా ఇష్టమే గానీ, దీన్ని ఇష్టం నుంచి పిచ్చి దాకా తీసుకెళ్ళింది మొన్న వేసవిలో జరిగిన ఒక సంగతి.

పార్వతీపురం నుంచి మా అక్క కొడుకు సెలవులకి వచ్చాడు. చంద్రయాన్-3 దిగిన రోజు స్కూల్లో లైవ్ చూపించారట, అప్పటి నుంచి వాడికి ల్యాండర్ అంటే ప్రాణం. ఒక సాయంత్రం మిన్మస్ మీద ఆటలోని వ్యోమగామి బాబ్‌ని దింపి ఉంచాను. పైన తల్లినౌకలో పైలట్ జెబ్ తిరుగుతున్నాడు. బాబ్ సైంటిస్టు, నౌకని నిలకడగా పట్టే విద్య అతనికి రాదు, అందుకని ల్యాండర్‌కి చిన్న ప్రోబ్ కోర్, అంటే నౌకని తనే నడిపే కంప్యూటర్ పెట్టె, బిగించాను. అంతలో ఎవరో ఆధార్ కాగితాలు పట్టుకుని వచ్చారు. నేను వాళ్ళ పనిలో పడ్డాను, వాడు కుర్చీ ఎక్కాడు.

మిన్మస్ మీద తొమ్మిది రకాల ప్రాంతాలున్నాయి, ఒక్కోచోట చేసే పరిశోధనకి విడివిడిగా పాయింట్లు. అది వాడికి నేను నేర్పిందే. ఇంకేం, మైదానం నుంచి వాలు మీదకి, వాలు నుంచి పల్లంలోకి, అక్కడి నుంచి ఇంకో మైదానానికి ల్యాండర్‌ని గెంతించుకుంటూ పోయాడు. నేను తిరిగొచ్చేసరికి ల్యాండర్ ఒక కొండవాలు మీద పక్కకి ఒరిగి పడుంది, ట్యాంకు ఖాళీ.

"విక్రమ్ కూడా గెంతింది కదా మావయ్యా," అన్నాడు. నిజమే, 2023 సెప్టెంబరు 3న విక్రమ్ ల్యాండర్ ఇంజన్లు మళ్ళీ వెలిగించి ఓ 40 సెంటీమీటర్లు పైకి లేచి పక్కన దిగింది. అది ఒక్క గెంతు. వీడు మిన్మస్‌ని సగం కొలిచేశాడు.

సరే, పాత సేవ్ ఎక్కిద్దామని ఎఫ్9 మీద వేలు పెట్టాను. "ఎఫ్5 కూడా నొక్కేశాను మావయ్యా, పోకుండా," అన్నాడు ఎంతో గర్వంగా. ఆటని సేవ్ చేసే ఆ మీటని ట్యాంకు ఖాళీ అయ్యాక నొక్కాడు, పాత సేవ్ పోయింది! ఫోల్డర్లో బ్యాకప్‌లు వెతుకుదామంటే "వద్దు, అది దొంగాట" అని అడ్డుపడ్డాడు. ఇంకో నౌక పంపుదామంటే కెర్బిన్ నుంచి మిన్మస్‌కి ఆటలో తొమ్మిది రోజులు, ముందు దాన్ని కట్టాలి కూడా. తల్లినౌకకేమో కాళ్ళు లేవు.

అప్పుడే కరెంటు పోయింది. కాలబైశాఖి గాలి, రేకుల మీద మామిడికాయలు టపటపా రాలుతున్నాయి. స్క్రీన్ వెలుతురు తగ్గించి ఇద్దరం చీకట్లో బాబ్‌ని చూస్తూ కూర్చున్నాం. బాబ్ ల్యాండర్ పక్కన నిలబడి పళ్ళికిలిస్తున్నాడు.

"ఈడి ఈపు మీదున్నదేటి మావయ్యా?" అన్నాడు వాడు.

జెట్‌ప్యాక్. నౌక చుట్టూ తిరిగి ఒక నిచ్చెన పట్టుకోవడానికి తప్ప దాన్ని నేను దేనికీ వాడేవాణ్ణి కాదు. చూస్తే అందులో సుమారు 600 మీటర్లు/సెకను శక్తి ఉంది. మిన్మస్ చుట్టూ పది కిలోమీటర్ల ఎత్తులో తిరగడానికి కావలసిన వేగం 160 లోపే. అంటే ఆ మనిషి రాకెట్ అక్కర్లేకుండా ఒంటితోనే కక్ష్యలోకి వెళ్ళగలడు!

ముందు బాబ్ చేత క్యాబిన్‌లో ఉన్న పరిశోధన ఫలితాలన్నీ తీయించాం. చేతిలో పట్టుకుపోవచ్చు, ఆట ఒప్పుకుంటుంది. ఆర్ నొక్కి ప్యాక్ వెలిగించాం. షిఫ్ట్ పట్టుకుంటే పైకి లేచాడు. కొండ దాటే ఎత్తు వచ్చాక ముఖం తూర్పుకి తిప్పి డబ్ల్యూ మీద వేలు అదిమి పెట్టాం. చిన్న శబ్దం, అంతే. కింద నేల నెమ్మదిగా జరుగుతోంది. కిందకి జారుతున్నట్టు అనిపిస్తే మళ్ళీ కాస్త షిఫ్ట్. మ్యాపు తెరిచి చూస్తే బాబ్ దారి ఒక చిన్న విల్లు, అవతలి కొస కొండల్లోకి దిగుతోంది. వేలు తీయకుండా ఉంటే ఆ కొస జరుగుతూ జరుగుతూ చందమామ అవతలి వైపుకి పోయింది. ఇంకొంచెం. కొస నేలని వదిలేసి గీత గుండ్రంగా కలిసిపోయింది. మా వాడు కుర్చీ మీద నుంచి గెంతిన గెంతుకి లోపలి నుంచి వాళ్ళ అత్త "చీకట్లో మామా అల్లుడూ ఏటి సేస్తన్నారర్రా?" అని కేకేసింది.

జెట్‌ప్యాక్‌లో సగానికి పైగా ఇంకా ఉంది. ఆ తర్వాత పని జెబ్‌ది, తల్లినౌకని తెచ్చి బాబ్ దగ్గర ఆపాడు. చివరి వంద మీటర్లు మా వాడే నడిపాడు. ఎఫ్‌తో నిచ్చెన పట్టుకోవడం, బీతో లోపలికి. బ్యాటరీ ఎర్రగా మారాక నేను ఎఫ్5 నొక్కి మూసేశాను. ల్యాండర్ ఆ వాలు మీదే వదిలేశాం.

ఇదే పని మన్ మీద అంత ధీమాగా చేయలేం. అక్కడ కక్ష్యకే 550 దాటిన వేగం కావాలి, ప్యాక్ మొత్తం ఊడ్చేసినా అనుమానమే. మిన్మస్ మీద చేతికి దొరికినదాంతో బయటపడొచ్చు. నాకు నచ్చేది ఆ వెసులుబాటే.

ఇంత పొగిడాను కాబట్టి, వాడాక తెలిసినవి కూడా చెప్పాలి. మైదానాల మాట మైదానాల వరకే. అవి దాటితే వాలులు మహా నిటారు, కొండలు అయిదు కిలోమీటర్లు దాటిపోతాయి. ఆ ఆరు సెకన్ల నిదానమే వాలు మీద శత్రువు అవుతుంది, దిగిన నౌక ఆగదు, ఎగిరి, పడి, దొర్లి మళ్ళీ ఎగురుతుంది. రోవర్ తీసుకెళ్ళడం శుద్ధ దండగ. చక్రాలకి పట్టు దొరకదు, కాస్త వేగం పెంచి మలుపు తిప్పితే బోర్లా పడుతుంది. నేను రోవర్లు మానేశాను. కక్ష్య 6 డిగ్రీలు వాలి ఉంటుంది, ఆ తేడా సరిచేసుకోవడం కొత్తవాళ్ళకి విసుగే. "ప్రాక్టీసుకి" అనేవాళ్ళు ఈ సంగతి ఎందుకు చెప్పరో. అన్నిటికన్నా ముఖ్యం, కొన్నాళ్ళకి అక్కడ చూడ్డానికి కొత్తదేమీ ఉండదు. పచ్చ, ఇంకాస్త పచ్చ.

నిజమైన ఖగోళంతో పోల్చుకునేవాళ్ళకి ఇంకో చిక్కు. వ్యాసార్థం 60 కిలోమీటర్లు, గురుత్వం 20వ వంతు అంటే ఆ గోళం బంగారం కన్నా దట్టంగా ఉండాలి. చూడ్డానికేమో గడ్డకట్టిన మంచు. ఆటలో గ్రహాలన్నిటినీ చిన్నవి చేసి గురుత్వం మాత్రం తగ్గనివ్వలేదు, దాని ఫలితం ఇది. మనకి ఆడుకోవడానికి అదే మేలు, కానీ పిల్లలకి చూపించి "చందమామలు ఇలాగే ఉంటాయి" అని చెప్పకండి.

మిగతా చందమామల మీద నా మాట పొడిపొడిగానే ఉంటుంది. ఈవ్ గ్రహం చుట్టూ తిరిగే గిల్లీ వ్యాసార్థం 13 కిలోమీటర్లే, 36 మీటర్లు/సెకను వేగం అందుకుంటే దాన్ని వదిలి పోవచ్చు. నిజమైన అంగారకుడి చందమామ ఫోబోస్‌కి అది 11, కాబట్టి గిల్లీ లాగుడు ఇంకా ఎక్కువే. అక్కడ దిగుతున్నామనే అనిపించదు, ఇంకో నౌక పక్కకి చేరుతున్నట్టే జరుగుతుంది. ఓపిక ఉన్నవాళ్ళకి బాగుంటుంది, నాకు నిద్ర వచ్చింది. టైలో సరిగ్గా కెర్బిన్ అంత, గాలి లేదు, పారాచూట్ పనికిరాదు, రెండు వేలకి పైగా వేగాన్ని ఇంజనుతోనే చంపుకోవాలి. దాని మీద మనిషిని దింపే ధైర్యం నాకు లేదు, యంత్రాల్నే పంపుతాను. ఐక్ మీద చెప్పుకోడానికేమీ లేదు. బాప్ మీద ఒకటుంది, అది చెప్పను, మీరే వెతుక్కోండి.

లేథ్ మాత్రం గొప్పదే, ఒప్పుకుంటాను. గాలిలో ఆక్సిజన్ ఉంది, మామూలు జెట్ ఇంజన్లు పనిచేస్తాయి, సముద్రం మీద విమానం తోలుతుంటే ఆకాశంలో పచ్చటి జూల్ గ్రహం కొండంత కనిపిస్తుంది. కానీ అంత దూరం పోయే నౌకలో వందలకొద్దీ భాగాలు ఉండాలి. అంత బరువు ఎత్తితే నా ల్యాప్‌టాప్‌లో ఒక సెకను ఆట నాలుగు సెకన్లు నడుస్తుంది, ఫ్యాను చప్పుడుకి ఇంట్లోవాళ్ళు లేస్తారు. మంచి కంప్యూటర్, ఆదివారాలు ఖాళీ ఉన్నవాళ్ళు నా మాట వినకుండా లేథ్‌కే పొండి.

నాకులాగా పాత యంత్రం, రోజుకి గంట, నమ్మకం లేని కరెంటు ఉన్నవాళ్ళకైతే మిన్మస్ చాలు, మన్‌ని తర్వాత చూసుకోవచ్చు. పిల్లలతో కలిసి ఆడేవాళ్ళకి ఇంకా బాగుంటుంది. కాకపోతే ల్యాండర్‌లో నేను వేసే ఇంధనానికి రెట్టింపు వేసుకోండి, అక్కడ అదనపు బరువు పెద్ద లెక్కలోకి రాదు.