ఎర్ర చిప్ప పుట్టగొడుగును పోల్చుకోవడానికి యాప్ మేలా, చేతి లెన్స్ మేలా?

వానలు పట్టాయంటే కోనసీమ వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. కొబ్బరి తోటలో, కోకో చెట్ల నీడన, నానిన దుంగ మీద వేలిగోరంత ఎర్రటి చిప్ప కనిపిస్తుంది. ఫోటో తీస్తే యాప్ పేరు చెప్పేస్తుంది కదా, లెన్స్ దండగ కాదా అంటారు.

యాప్‌ను నేను కాదనను. ఎప్పుడూ చేతిలో ఉంటుంది, ఇది చిప్ప ఆకారపు శిలీంధ్రమని వెంటనే తేల్చేస్తుంది. చిక్కల్లా ఆ తర్వాతే. ఎరుపు కనిపిస్తే చాలు, చాలాసార్లు స్కార్లెట్ ఎల్ఫ్ కప్ అనేస్తుంది. అంటే సార్కోసైఫా కాక్సీనియా. అది చలి దేశాల్లో శీతాకాలం చివర్లో పుట్టేది. శ్రావణమాసంలో అమలాపురం పక్క తోటలో ఆ పేరు వస్తే నమ్మకండి. పైగా రంగు నిలకడైనది కాదు, ముదిరేకొద్దీ వెలిసిపోతుంది.

అసలు గుట్టు వెంట్రుకల్లో ఉంది. కంసాలులు వాడే పది రెట్ల లెన్స్ కంటికి దగ్గరగా పెట్టుకుని, చిప్ప స్పష్టంగా కనిపించేదాకా ముందుకు వంగండి. అంచు చుట్టూ నల్లటి బిరుసు వెంట్రుకలు కనురెప్పల్లా నిలిచి, కాడ లేకుండా దుంగకు అతుక్కుని, సుమారు సెంటీమీటరు లోపు ఉంటే స్కుటెల్లీనియా. ఇది తడి మట్టి మీదా పుడుతుంది కాబట్టి బోదె గట్లు కూడా చూడండి. గులాబీ, నారింజ రంగుల్లో ఉన్న గిన్నె సన్నటి కాడ మీద నిలబడి, బయటివైపంతా పొడవాటి తెల్లటి వెంట్రుకలుంటే కుకీనా ట్రైకోలోమా. వెంట్రుకలు పొట్టిగా, అంచు దగ్గరే ఉంటే కుకీనా స్పెసియోసా. కుకీనాలు వేడి ప్రాంతాలవి. మన దేశపు శిలీంధ్రాల మీద కూడా పనిచేసిన ఆంగ్లేయ శాస్త్రవేత్త ఎం.సి. కుక్ పేరే 1891లో వీటికి పెట్టారు. ఈ వెంట్రుకల తేడా మామూలు ఫోటోలో దాదాపు కనపడదు. అందుకే నా ఓటు లెన్స్‌కే.

యాప్ వదలలేని వాళ్లు లెన్స్‌ను ఫోన్ కెమెరాకు ఆనించి, అంచునూ కాడనూ పక్కనుంచి ఫోటో తీసి ఇవ్వండి. అప్పుడు అది చెప్పే పేరూ కాస్త దారిలో పడుతుంది. అన్నట్టు, ముదిరిన చిప్ప మీద మెల్లగా ఊదితే ఒక్కోసారి దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు సన్నటి పొగలా లేస్తాయి. చూసి తీరాల్సిన అందం అది.

తినొచ్చా అని మాత్రం యాప్‌నీ అడగొద్దు, లెన్స్‌నీ నమ్మొద్దు. తినకండి.

ఇక మైక్రోస్కోప్ అంటారా, సిద్ధబీజాల మీది గీతలూ బుడిపెలూ చూడాలంటే అదే కావాలి. కాలేజీ ల్యాబ్ దగ్గర్లో ఉన్నవాళ్లకు సరే, తోటలో నిలబడి పోల్చుకునేవాళ్లకు అక్కర్లేదు.