తెలుగు ఫైలు తనిఖీకి ఏ కమాండ్ మేలు?

పాత పుస్తకాల పాఠ్యాన్ని ఒకచోట చేర్చేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న: చేతికొచ్చిన ఫైలు నిజంగా యూటీఎఫ్-8లోనే, అంటే అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా దాచే నేటి పద్ధతిలోనే, ఉందా? టెర్మినల్‌లో దీనికి జవాబు చెప్పే చిన్న కమాండ్లు చాలానే ఉన్నాయి. అన్నీ ఒకటేననుకుని ఏదో ఒకటి వాడితే చెడిన ఫైళ్లు దాటిపోతాయి.

అందరికీ తెలిసినది ‘ఫైల్’. 1973 నాటి యూనిక్స్‌లోనే ఉన్న కమాండ్ ఇది. బొమ్మా, జిప్పా, పాఠ్యమా అన్నది చిటికెలో చెబుతుంది. ఏమిటో తెలియని ఫైళ్ల మూట విప్పేటప్పుడు నేను దీన్నే నమ్ముకుంటాను. అయితే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచిన పద్ధతి, తేల్చడానికి ఇప్పటి వెర్షన్లు మామూలుగా మొదటి 64 కిలోబైట్లే చూస్తాయి. ఒక్కో తెలుగు సంకేతానికి (అక్షరమో, గుణింతపు గుర్తో) 3 బైట్లు కాబట్టి అది సుమారు 21 వేల సంకేతాలు, నవలలో ఒకటి రెండు అధ్యాయాలు. ఆ తర్వాత బైటు చెడినా దాని కంటపడదు.

‘ఈజ్‌యూటీఎఫ్8’ అలా కాదు. ఫైలంతా చదివి, తప్పు దొరికితే ఏ వరుసలో, ఎన్నో బైటు దగ్గరో చూపిస్తుంది. మోర్‌యుటిల్స్ ప్యాకేజీలో వస్తుంది. స్క్రిప్టులో కాపలా పెట్టడానికి నా ఓటు దీనికే. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేసే వీలులేని సర్వర్ మీద ‘ఐకాన్వ్’ ఉండే ఉంటుంది. యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్చమంటే, తప్పు బైటు దగ్గర ఆగిపోతుంది.

మొజిల్లా కోడు నుంచి వచ్చిన ‘యుచార్డెట్’ అక్షరాల వాడుకను లెక్కగట్టి ఊహిస్తుంది. పాత రష్యన్, జపనీస్ ఫైళ్లకు పనికొస్తుంది. మన పాత డీటీపీ ఫైళ్లకు దండగ.

ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన పాఠ్యంలో ఉన్నవి తెలుగు సంకేతాలు కావు, తెలుగు బొమ్మలు తొడుక్కున్న లాటిన్ అక్షరాలు. దాన్ని కాపీ చేసి నేటి ఎడిటర్‌లో అతికించి దాచితే, ఆ లాటిన్ గజిబిజి అంతా నిక్షేపమైన యూటీఎఫ్-8 అయిపోతుంది. పై నాలుగింటిలో ఏదీ తప్పు పట్టదు, పట్టజాలదు కూడా. బైట్లు సరిగానే ఉన్నాయి, లేనిది తెలుగు.

దీన్ని పట్టేది ‘గ్రెప్’. కాపిటల్ పి ఆప్షన్‌తో తెలుగు లిపి గుణాన్ని, అంటే యూనికోడ్‌లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఉన్న సంకేతాలను, వెతకమనాలి. లొకేల్, అంటే టెర్మినల్ భాషా సెట్టింగు, యూటీఎఫ్-8లో లేకపోతే మంచి తెలుగు కూడా దొరకదు, అది ముందే సరిచూసుకోవాలి. వరుసలు లెక్కపెట్టమంటే సున్నా వచ్చిన ఫైలు పాత ఫాంటుదేమోనని అనుమానించాలి. సగం మార్చి వదిలేసిన ఫైళ్లకు ఆ లెక్క చాలదు. ‘వి’ ఆప్షన్ చేర్చి తెలుగు లేని వరుసలనే తెర మీదికి తెప్పించుకుని, ఇంగ్లీషు వరుసలను దాటుకుంటూ కంటితో చదవాలి.